ఏ అరగంట, ఫాదరుగారూ?



తపస్సు కాలంలో మా విచారణ కింద ఉన్న ఒక పల్లెలో మూడు రోజులు వడకం పెట్టుకున్నాం. మిరపకోతల రోజులు గనుక పగలు ఎవరూ దొరకరు. రాత్రి ఏడున్నరకు గంట కొట్టించి గుడి ముందు పందిట్లో కూర్చునేవాళ్లం. రెండవ రాత్రి నేను ఎంచుకున్న అంశం ధ్యానం. బాగానే సిద్ధపడ్డాను. పునీతుల జీవితాల నుండి ఉదాహరణలు చెప్పాను. ధ్యానం సన్యాసులకు మాత్రమే పరిమితం కాదనీ, ప్రతి కతోలిక విశ్వాసీ రోజుకు కనీసం అరగంట నిశ్శబ్దంగా కూర్చుని దైవవాక్కును ధ్యానించాలనీ గట్టిగా చెప్పి ముగించాను. జనం తలలూపారు.

అందరూ వెళ్లిపోయాక ఒక పెద్దామె నా దగ్గర ఆగింది. యాభై అయిదేళ్లు ఉండవచ్చు. చేతులు జోడించి, "ఏ అరగంట, ఫాదరుగారూ?" అని అడిగింది.

మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. నాకు అర్థం కాలేదని గ్రహించి తన దినచర్య చెప్పింది. నాలుగింటికి లేవాలి. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, గేదెను చూసుకుని, అన్నం కూర వండి క్యారేజీలు కట్టేసరికి ఆటో వస్తుంది. ఆరు దాటితే ముఠా ఆగదు. సాయంత్రం దాకా కోత. తిరిగి వచ్చి నీళ్లు పట్టుకోవడం, మళ్లీ పొయ్యి. మనవడితో కూర్చుని జపమాల చెప్పుకుంటుంది గానీ మూడవ రహస్యం దాటేసరికి కూర్చున్నచోటే కునుకు పడుతుంది. "ఇందులో ఏ అరగంట తీసుకోమంటారో మీరే చెప్పండి. తప్పకుండా తీసుకుంటాను" అంది.

నా దగ్గర జవాబు లేదు. "దేవుడే దారి చూపిస్తాడమ్మా" అని తల మీద చెయ్యి పెట్టి దీవించి పంపించాను. జవాబు తెలియనప్పుడు మా గురువులం చేసే పని అది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె ప్రశ్న ఒకటే అయితే ఎలాగో సర్దుకునేవాడిని. దాని వెనక ఇంకొకటి వచ్చి నిలబడింది. మరి నా అరగంట ఏమైంది? గురువిద్యాలయంలో తెల్లవారుజామున గంట కొట్టేవారు. పూజకు ముందు అరగంట ధ్యానం. నిద్రమత్తులోనైనా సరే, కూర్చునేవాళ్లం. గురుపట్టం పొందాక కొన్నేళ్లు అది నిలబడింది. తరువాత ఒక విచారణలో గుడి కట్టే పని, ఇంకొక విచారణలో బడి పని, ఆపైన పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు, తగాదాల తీర్పులు. ఒక్కరోజు మానేశాను, ఒక్క వారం మానేశాను. ఏ రోజున పూర్తిగా పోయిందో నాకే తెలియదు. ప్రార్థన పుస్తకంలోని జపాలు చెబుతున్నాను, పూజ చేస్తున్నాను, ప్రసంగం రాసుకుంటున్నాను. ప్రసంగం కోసం సువార్త చదవడమే ధ్యానమని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. నాకు అరగంట ఉంది, దాన్ని వాడుకోవడం లేదు. ఆమెకు అరగంట లేదు, ఎక్కడ దొరుకుతుందో అని అడుగుతోంది.

ఈ వ్యాసం ఆమెకు ఇవ్వలేకపోయిన జవాబు కోసం వెతుకుతూ రాసింది.

మొదట నా తత్త్వశాస్త్రం నన్ను ఎటు నడిపించిందో చెబుతాను. ధ్యాన జీవితమే మానవునికి అత్యున్నతమైనదని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం చివరి భాగంలో వాదించాడు. అయితే దానికి తీరుబడి కావాలన్నాడు. ఆ తీరుబడి ఎవరికి ఉంటుంది? పొలంలో, ఇంట్లో చాకిరీ చేసే బానిసలున్న యజమానికి. ఆయన తరువాత రెండువేల సంవత్సరాలకు డెకార్ట్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త 1641లో ఒక గ్రంథం ప్రచురించాడు. దాని పేరే 'ధ్యానాలు'. మొదటి ధ్యానంలోనే ఆయన తన మనసును చింతలన్నిటి నుండి విడిపించుకున్నాననీ, కావలసినంత తీరుబడి ఏర్పాటు చేసుకున్నాననీ చెబుతాడు. చలిమంట పక్కన ఇంటి అంగీ వేసుకుని కూర్చుని ఉంటాడు. విద్యార్థిగా ఈ పుస్తకం మీద నేను పేజీలకు పేజీలు వ్యాసం రాశాను. ఆ చలిమంటలో కట్టెలు ఎవరు వేశారు అన్న ప్రశ్న ఆనాడు నాకు తట్టలేదు.

ధ్యానమంటే ముందు తీరుబడి, తరువాత ఆలోచన. ఇదే నా తలలో పాతుకుపోయింది. ఆ రాత్రి పందిట్లో నేను బోధించింది కూడా ఇదే. పరిశుద్ధ గ్రంథం చెప్పేది ఇది కాదు.

కీర్తనల గ్రంథం తెరవగానే మొదటి కీర్తనలోనే ధ్యానం ఉంది. పుణ్యపురుషుడు ప్రభువు ధర్మశాస్త్రాన్ని రాత్రింబవళ్లు ధ్యానిస్తాడని అక్కడ చదువుతాం. రాత్రింబవళ్లు అన్నాడు గాని, ఉదయం అరగంట అనలేదు. అక్కడ 'ధ్యానించు' అని మనం చదివే హెబ్రీ మాట 'హగా'. దాని అర్థం కళ్లు మూసుకుని ఆలోచించడం కాదు, గొణుక్కోవడం, సన్నగా పలకడం. యెషయా గ్రంథం 31వ అధ్యాయంలో సింహం తాను పట్టిన వేటను వదలకుండా దాని మీద గుర్రుమనడానికి ఇదే మాట వాడారు. అదే గ్రంథం 38వ అధ్యాయంలో పావురం మూలుగుకూ ఇదే మాట. అంటే ధ్యానించేవాడు వాక్కును నోట కరిచిపట్టుకుని వదలనివాడు, దాన్ని లోలోపల కువకువలాడేవాడు. మోషే తరువాత ప్రజలను నడిపించవలసి వచ్చిన యెహోషువకు దేవుడిచ్చిన ఆజ్ఞలోనూ ఇదే మాట ఉంది. ఆయన చేతిలో ఉన్నది ఒక సైన్యం, దాటవలసిన ఒక నది. తీరుబడి ఎక్కడ?

ఇక మన తల్లి మరియమ్మను చూడండి. ఆమె ఆ సంగతులన్నీ హృదయంలో దాచుకుని మననం చేసుకుందని లూకా సువార్తికుడు రెండవ అధ్యాయంలో రెండుసార్లు చెబుతాడు. మొదటిసారి ఎప్పుడు? పరాయి ఊరిలో, పురుడు పోసుకుని, పసిబిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టుకుని ఉన్నప్పుడు. గొల్లలు వచ్చి వింతలు చెప్పి వెళుతున్నారు. బాలింతరాలికి పడుకోవడానికి సరైన చోటు లేదు. రెండవసారి, పన్నెండేళ్ల కొడుకు కనబడక మూడు రోజులు వెతికి, దేవాలయంలో దొరికించుకుని, వాడు ఇచ్చిన జవాబు అర్థం కాక, ఇంటికి తిరిగి వచ్చాక. అక్కడ మొదటిసారి లూకా వాడిన గ్రీకు మాటకు, వేర్వేరు వాటిని ఒకచోట చేర్చి పెట్టడం అని అర్థం. దూత చెప్పింది ఒకటి, కళ్ల ముందు కనబడుతున్నది పశువుల కొట్టం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. బిడ్డకు పాలిస్తూనే చూసుకుంది. నజరేతులో నీళ్లు మోస్తూ, రొట్టె పిండి పిసుకుతూ చూసుకుని ఉంటుందని నా నమ్మకం. ఇంకెప్పుడు చూసుకుంటుంది?

ఇంతవరకు వచ్చాక నాకు మన తెలుగు మాట ఒకటి జ్ఞాపకం వచ్చింది. నెమరువేసుకోవడం. గడిచిన సంగతులను నెమరువేసుకుంటాం అంటాం. మాట గొడ్ల సావిడి నుండి వచ్చింది. ఆశ్చర్యమేమంటే, పాశ్చాత్య దేశాల మఠాలలోని సన్యాసులు కూడా ధ్యానానికి సరిగ్గా ఇదే మాట వాడుకున్నారు. లతీను భాషలో 'రూమినాసియో' అంటే నెమరువేత. లేవీయకాండం 11వ అధ్యాయంలో డెక్కలు చీలి నెమరువేసే జంతువులు శుద్ధమైనవని చెప్పినచోట, వాక్కును నెమరువేసే విశ్వాసి అక్కడ కనబడుతున్నాడని ఆదిమ శ్రీసభ పితరులు వ్యాఖ్యానించారు. 12వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతాలలోని గ్రాండ్ షార్త్రూజ్ మఠానికి పెద్దగా ఉన్న రెండవ గీగో అనే సన్యాసి ఒక చిన్న లేఖ రాశాడు. పరలోకానికి నిచ్చెన వేసినట్లు అందులో నాలుగు మెట్లు చెప్పాడు. పఠనం, ధ్యానం, ప్రార్థన, దైవదర్శనం. ఆయన చెప్పిన పోలిక కూడా తిండికి సంబంధించినదే. పఠనం ముద్దను నోట్లో పెడుతుంది, ధ్యానం నములుతుంది, ప్రార్థనలో రుచి తెలుస్తుంది, నాలుగవది ఆ తీయదనమే.

గేదెను పెంచినవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. మేసేటప్పుడు అది గబగబా మేస్తుంది. సరిగా నమలదు. తరువాత నీడన పడుకునో, నిలబడో, ఒక్కో ముద్దనూ పైకి తెచ్చుకుని నములుతుంది. మేత వేరు, నెమరు వేరు. మేతకు మనం పొలానికి తోలాలి. నెమరుకు ఎవరూ తోలనక్కరలేదు. ఇంకొక సంగతి. గేదె నెమరు వేయడం లేదంటే రైతు ఇంక ఆలోచించడు, దానికి ఒంట్లో బాగాలేదని గ్రహించి పశువుల డాక్టరు దగ్గరికి పరుగెడతాడు. తొట్టి నిండా మేత ఉన్నా సరే. నేను పడుకుని ఈ పోలిక తలచుకుంటూ ఉండగా నా పరిస్థితి నాకు బాగా తెలిసివచ్చింది. మేతకు కొదువలేదు. రోజూ పూజలో పఠనాలు, బల్ల మీద పుస్తకాలు. నెమరు ఆగిపోయింది.

పునీత ఫ్రాన్సిస్ దె సాల్స్ ఈ విషయంలో మనకు దగ్గరివాడు. ఆయన జెనీవా పీఠాధిపతి. ఆ నగరం ప్రొటెస్టెంటుల చేతిలో ఉన్నందున ఆనెసీ పట్టణంలో నివసించాడు. 1609లో 'భక్తి జీవిత ప్రవేశిక' అనే అర్థమొచ్చే పేరుతో గృహస్థుల కోసం పుస్తకం ప్రచురించాడు. తన బంధువుల ఇంటి కోడలికి రాసిన లేఖలే దానికి మూలం. (ఆయన పేరు పెట్టుకున్న ఆనెసీ మిషనరీలే 1846లో విశాఖపట్నం వచ్చి మన తీరంలో సువార్త ప్రకటించారు. ఆ విధంగా ఆయన మనకు పరాయివాడేమీ కాదు.) పీఠాధిపతి ఏకాంత సన్యాసిలా ఉండాలనుకున్నా, చేతిపనివాడు సన్యాసిలా రోజంతా గుడిలోనే కూర్చున్నా, ఆ భక్తి నవ్వులపాలవుతుందని ఆయన మొహమాటం లేకుండా రాశాడు. పనివానికి ఒక విధమైన భక్తి, విధవరాలికి ఒక విధమైనది, పెళ్లయిన స్త్రీకి ఇంకొకటి.

ఉన్నమాట చెప్పాలి. ఆయన కూడా ఆ గృహిణిని రోజుకు గంట ధ్యానించమనే అడిగాడు. ఆమె ఇంట్లో పనివారు ఉండి ఉంటారు. కాని వెంటనే, ఉదయమంతా పనులతో గడిచిపోయి కుదరకపోతే చిన్న చిన్న జపాలతో ఆ లోటు పూడ్చుకోమన్నాడు. బాణం విసిరినట్లు పైకి విసిరే ఒక్క మాట జపాలు. ఇంకొకచోట మరింత ముందుకు వెళ్లి, మిగతా ప్రార్థనలన్నీ లోపించినా ఈ చిన్న జపాలు ఆ లోటు తీర్చగలవనీ, ఇవి లోపిస్తే మాత్రం వేరే ఏదీ పూడ్చలేదనీ చెప్పాడు. గురువిద్యాలయంలో ఈ పుస్తకం చదివినప్పుడు నేను గంట అన్నచోట గీత గీసుకున్నాను, ఇక్కడ గీయలేదు. తోటలో తిరిగినవారు నాలుగైదు పూలు కోసుకుని రోజంతా వాసన చూసుకున్నట్లు, ధ్యానం నుండి ఒకటి రెండు తలపులు వెంట తీసుకుపొమ్మని కూడా ఆయనే చెప్పాడు. మన ఆడపడుచులకు ఇది వేరే నేర్పాలా? ఉదయం తురుముకున్న మల్లెలు సాయంత్రం దాకా వాసన ఇస్తూనే ఉంటాయి. మాటిమాటికీ అద్దం చూసుకోనక్కరలేదు.

ఇప్పుడు ఆచరణ. మూడవ రాత్రి పందిట్లో నేను నిన్నటి ప్రసంగాన్ని సరిదిద్దుకుంటున్నానని చెప్పి, ఈ విధంగా విన్నవించుకున్నాను.

ముందు రోజు రాత్రి జపమాల అయ్యాక ఇంట్లో చదువు వచ్చినవారు, బడి పిల్లవాడైనా సరే, మరునాటి సువార్త భాగాన్ని పైకి చదవాలి. చాలా ఇళ్లలో పరిశుద్ధ గ్రంథం పీఠం మీద పూలదండతో ఉంటుంది. దండ తీసి చదవండి, మళ్లీ వేయవచ్చు. నిదానంగా రెండుసార్లు చదివితే అయిదారు నిమిషాలు పడుతుంది. విన్నవారు ఒక్కొక్కరు తమకు తగిలిన ఒక మాట చెప్పాలి. వివరించనక్కరలేదు, ప్రసంగం అసలే వద్దు. తండ్రికి ఒక మాట, తల్లికి ఇంకొకటి, పిల్లకు మరొకటి తగులుతుంది. 'ఎందుకు ఆ మాట' అని ఎవరినీ గుచ్చి అడగవద్దు. ఇది మేత. నిద్రపోయే ముందు తన మాటను ఒకసారి పలుకుకుని పడుకోవాలి.

మరునాడు ఆ మాటను రోజూ చేసే ఏదో ఒక పనికి కట్టండి. ఇది ముఖ్యం. 'వీలున్నప్పుడు తలచుకుంటాను' అంటే తలచుకోం. వాకిలి ఊడ్చేటప్పుడు అని పెట్టుకోండి. బస్సు కోసం నిలబడినప్పుడు అని పెట్టుకోండి. ఇంజను వేసి మడికి నీళ్లు పారే వరకు గట్టున కూర్చునే రైతు అది పెట్టుకోవచ్చు. బీడీ కాల్చుకునే సమయమది అని ఒకాయన అన్నాడు, రెండూ జరగవచ్చునని చెప్పాను. ఫ్యాక్టరీలో గంటల తరబడి ఒకే పని చేసే యువకుడికీ, దుబాయిలోనో కువైటులోనో పరాయి వంటింట్లో గిన్నెలు తోమే మన ఆడపడుచుకూ ఇది కుదురుతుంది. 17వ శతాబ్దంలో పారిస్ నగరపు కార్మెల్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. గురువు కాదు, చదువుకున్నవాడు కాదు. ఏళ్ల తరబడి మఠం వంటింట్లో పని. 1691లో ఆయన మరణించాక ఆయన మాటలు, లేఖలు పుస్తకంగా వచ్చాయి. దివ్యసత్ప్రసాదం ముందు మోకరించినప్పుడు ఎంతగా దేవుని సన్నిధిలో ఉన్నాడో, వంటింటి గొడవలోనూ అంతగానే ఉన్నాడని దాన్ని చదివినవారికి తెలుస్తుంది. అయితే ఆ స్థితికి చేరడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. ఆ సంగతి మరచిపోయి వారం రోజులకే నిరాశపడేవారున్నారు.

త్రికాల జపానికి గుడి గంట మోగినప్పుడు ఆ మాటను మళ్లీ తెచ్చుకోండి. గంట వినబడని ఊళ్లో అన్నం ముందు కూర్చున్నప్పుడు. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు, ఈ రోజు ఆ మాట నాకు ఎక్కడ ఎదురైంది, ఎక్కడ దాన్ని తప్పించుకున్నాను అని చూసుకోండి. యేసుసభ స్థాపకుడు పునీత ఇగ్నేషియసు ఆత్మశోధనకు పెద్దపీట వేశాడు. ఆయన రాసిన ఆధ్యాత్మిక సాధనల పుస్తకాన్ని పోపు మూడవ పౌలు గారు 1548లో ఆమోదించారు. అందులోనే చదువు రానివారికి కూడా పనికివచ్చే ఒక పద్ధతి ఉంది. పరలోక జపాన్ని ఒక్కో శ్వాసకు ఒక్కో మాట చొప్పున చెప్పుకోవాలి. ఒక శ్వాసకూ మరొక శ్వాసకూ మధ్య ఆ మాట అర్థాన్నో, ఎవరితో మాట్లాడుతున్నామో ఆయననో తలచుకోవాలి. మొదటి మాట తండ్రిని పిలిచే పిలుపు. ఆ పిలుపు దగ్గరే మనసు నిలిచిపోతే తొందరపడి ముందుకు వెళ్లనక్కరలేదని ఆ పుస్తకంలోని మరొక పద్ధతి చెబుతుంది. నేను ప్రయత్నించాను. మూడవ మాట దగ్గరకు వచ్చేసరికి విచారణ లెక్కల పుస్తకం జ్ఞాపకం వచ్చింది.

అదే పరాకు. పాపసంకీర్తనంలో నేను వినే మాటల్లో ఎక్కువసార్లు వినబడేది ఇదే. ప్రార్థనలో పరాకులు వస్తున్నాయి ఫాదరుగారూ అంటారు. వస్తాయి. పరాకు వచ్చినందుకు మన మీద మనమే కోపగించుకోవడం రెండవ పరాకు. పక్క చేలోకి పోయిన దూడను కొట్టకుండా మెడ పట్టి మెల్లగా తోలుకురావాలి, పదిసార్లు పోతే పదిసార్లు. పైగా వచ్చిన పరాకును ఒక్కసారి తేరిపార చూడండి. నాకు లెక్కల పుస్తకమే ఎందుకు వచ్చింది? అందులో నేను ఒకరితో తేల్చుకోవలసింది ఉంది కనుక. కొన్నిసార్లు మనం ధ్యానించవలసింది పరాకు రూపంలోనే వస్తుంది.

జపమాల గురించి ఒక మాట. జపమాల ఉండగా వేరే ధ్యానం ఎందుకని పెద్దలు కొందరు అడిగారు. నిజమే, జపమాలే ధ్యానం. కాని మనం చెప్పే వేగంలో అది ధ్యానంగా మిగులుతోందా? దేవ రహస్యాన్ని మననం చేయకుండా చెప్పే జపమాల ప్రాణం లేని శరీరం వంటిదని పోపు ఆరవ పౌలు గారు 1974లో హెచ్చరించారు. 2002లో వెలుగు దేవ రహస్యాలను ప్రతిపాదించిన లేఖలోనే పోపు రెండవ జాన్ పాల్ గారు, ఒక్కో రహస్యాన్ని ప్రకటించాక కాసేపు మౌనంగా ఆగమని సూచించారు. మా విచారణలో మొదటిసారి అలా ఆగినప్పుడు జనం నేను తరువాతి మాట మరచిపోయాననుకుని అందించబోయారు. ఇప్పుడు అలవాటైంది. అలసిపోయిన రోజున అయిదు రహస్యాలూ పరుగెత్తడం కన్నా రెండు నిదానంగా చెప్పుకుని పడుకోవడం మేలని ఆ పెద్దామెకు చెప్పాను. మాతృసభ ఇందుకు ఎవరినీ శిక్షించదు.

టీవీలో, సెల్‌ఫోనులో ఈమధ్య ధ్యాన తరగతులు చాలా వస్తున్నాయి. మన యువతీయువకులు చూస్తున్నారు. ఊపిరి మీద మనసు నిలపడం, నిటారుగా కూర్చోవడం పాపం కాదు. 1989 అక్టోబరు 15న విశ్వాస సిద్ధాంత పరిరక్షక సంఘం క్రైస్తవ ధ్యానం గురించి పంపిన లేఖ, ఇతర మతాల పద్ధతులు క్రైస్తవం కావన్న ఒక్క కారణంతో తోసిపుచ్చలేదు. మంచిని తీసుకోవచ్చునంది. అయితే పద్ధతే గురి అయిపోతే ప్రమాదమంది. మన ధ్యానం ఒకరితో మాట్లాడడం. మనసు ఖాళీ చేసుకోవడంతోనే పని పూర్తికాదు, ఎదుట ఒకాయన ఉన్నాడు. ఆయన ప్రశాంతతను ఇస్తే ఇస్తాడు, ఇవ్వకపోవచ్చు కూడా.

ఈ చివరి సంగతి నాకు ఆ పెద్దామె వల్లనే తెలిసింది. వడకం అయిన తరువాతి వారాల్లో ఒక రోజు సువార్త మత్తయి 5వ అధ్యాయం నుండి వచ్చింది. బలిపీఠం వద్దకు కానుక తెచ్చినప్పుడు నీ సోదరునికి నీ మీద ఏదైనా ఉన్నదని గుర్తుకువస్తే, ఆ కానుకను అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పిన భాగం. ఆమెకు చదువు రాదు. మనవడు చదివి వినిపించాడట. ఆమెకు తగిలిన మాట, అక్కడే వదిలి.

"సాలు పట్టుకుని కోసుకుంటూ పోతున్నంతసేపూ అదే మాట తిరిగింది ఫాదరుగారూ. ఒళ్లో కాయలు నిండినప్పుడల్లా గోతంలో పోసి వస్తాం గదా, అప్పుడల్లా అక్కడే వదిలి, అక్కడే వదిలి అని. మొదటిరోజు బాగానే ఉంది. రెండవ రోజుకు మా చెల్లెలు జ్ఞాపకం వచ్చింది."

అమ్మ చనిపోయాక ఒక జత గాజుల దగ్గర అక్కచెల్లెళ్లకు మాట వచ్చింది. ఆరేళ్లుగా రాకపోకలు లేవు. చెల్లెలిది పక్క ఊరే. గుడి పండుగకు ఇద్దరూ వస్తారు, చెరొక పక్కన కూర్చుంటారు. "మాట వదిలేద్దామని చూశాను. వేరే మాట పెట్టుకున్నాను. అది నిలవలేదు, ఇదే వచ్చింది. చేతుల మంటకంటే ఇదే ఎక్కువ బాధపెట్టింది. ధ్యానం చేస్తే నెమ్మది వస్తుందన్నారు మీరు."

అవును, అలాగే అన్నాను. పందిట్లో, రెండు రాత్రులూ.

శనివారం కూలి డబ్బులు అందాక ఆమె ఆటో ఎక్కి చెల్లెలి ఊరికి వెళ్లింది. ఏం జరిగిందని ఆత్రంగా అడిగాను. ఈ వ్యాసానికి మంచి ముగింపు దొరుకుతుందని కూడా మనసులో అనుకుని ఉంటాను. పెద్దగా ఏమీ జరగలేదట. చెల్లెలు గుమ్మంలో చూసి కాసేపు కదలలేదు. తరువాత మంచం వాల్చి కూర్చోమంది, టీ ఇచ్చింది. గాజుల మాట ఇద్దరూ ఎత్తలేదు. చెల్లెలి మనవరాలికి జ్వరం, దాని గురించి మాట్లాడుకున్నారు. చీకటి పడుతోందని ఈమె లేచింది. వీధి చివర దాకా చెల్లెలు వచ్చింది. మళ్లీ రమ్మని అందా అంటే, అనలేదంది.

ఆ సువార్త మీద ఆ రోజు ఉదయపు పూజలో నేనే ప్రసంగం చేశాను. సోదరునితో సమాధానం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాను. లెక్కల పుస్తకం సంగతి పైన చెప్పాను గదా. విచారణ డబ్బు విషయంలో, ఎన్నో ఏళ్లుగా గుడికి సేవ చేస్తున్న ఒక మనిషిని నేను పదిమందిలో అనుమానపు మాట అన్నాను. తరువాత లెక్క సరిపోయింది. తప్పు నాదే, ఒక రసీదు నా ప్రార్థన పుస్తకంలోనే దొరికింది. లెక్క సరిపోయిందని ఆయనకు కబురు పంపించాను గాని, నేను వెళ్లలేదు. ఆయన ఇప్పటికీ ఆదివారం పూజకు వస్తున్నాడు. వెనక వరుసలో నిలబడి, దివ్యసత్ప్రసాదానికి మాత్రం నా వరుసలోకి రాకుండా పక్క వరుసలో వెళుతున్నాడు.

ఇప్పుడు ఉదయం అయిదింటికి గుడి తలుపు నేనే తీస్తున్నాను. అరగంట కూర్చుంటున్నాను. నాకు అరగంట ఉంది. నాలుగు రోజులుగా ఆ పెద్దామె మాటే నా మాట అయింది, వేరేది నిలవడం లేదు. ఆయన ఇల్లు చెరువు గట్టు అవతల, నడిచి వెళితే పది నిమిషాలు. ఈ వ్యాసం పత్రికకు పంపించే ముందే వెళ్లిరావాలని అనుకున్నాను. కవరు బల్ల మీద పెట్టి ఉంది, ఇంకా అంటించలేదు.